అడగని రెట్టింపు

ఉత్తరం అందరికీ ఒకే రోజు వచ్చింది.
"మీ వేగం రెట్టింపు చేశాం. అభినందనలు."
అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో,
వచ్చే నెల నుంచి నాలుగు యూరోలు ఎక్కువ.

పెట్టెలు మార్చే పని నాది.
వ్యాను నిండా కొత్త మోడెములు,
పీకు దీవిలో నల్లరాతి గోడల మధ్య ఇరుకు దారులు,
గుమ్మం గుమ్మంలో ఉత్తరం పట్టుకుని ఒక మనిషి.
కంపెనీ ఎక్కడో లిస్బన్‌లో ఉంది.
తిట్టడానికి చేతికందేది నేనే.

సారా కొట్టు బెల్మీరు
గ్లాసు బల్ల మీద ఠక్కున పెట్టాడు.
"సారా అదే. గ్లాసు పెద్దది చేశాను.
నువ్వు అడగలేదు, అయినా డబ్బులు తియ్యి.
ఎలా ఉంది?"
బాగానే ఉందన్నాను. తాగాను కూడా.
డబ్బులు నిజంగానే తీసుకున్నాడు.

పంతులమ్మ జుల్మీర కాగితమంతా చదివింది,
ఎవరూ తిప్పని వెనక పేజీతో సహా.
"దిగేదే రెట్టింపు. ఎక్కేది ఎంతుందో అంతే.
అంటే పైవాళ్ళు మా మీద ఎంతైనా కుమ్మరిస్తారు,
మేం పంపేది మాత్రం
ఆ పాత సందులోంచే దూరి పోవాలి."
పిల్లల నాటకం పోటీకి పంపడానికి
ఒక రాత్రంతా కూర్చుందట.
తొంభై ఒకటి శాతం దగ్గర తెల్లారింది,
గడువు ముగిసింది.
దానికి నా సంచిలో ఫారం లేదు.

కొండ కొమ్మున తిమింగలాల కాపలా ఎర్మీనియు
దుర్భిణి దించకుండానే మాట్లాడాడు.
"మునిగింది ముప్పావు గంటకి గాని తేలదు.
దానికేమైనా అప్‌గ్రేడ్ ఉందా మీ దగ్గర?
ఉంటే చెప్పు,
పడవలవాళ్ళు పది యూరోలైనా కడతారు."

ఎగిరి గంతేసింది ఒక్క లియొనీల్డే.
పదిహేనేళ్ళు, చెవులకి పెద్ద డిప్పలు.
నేను వ్యాను ఎక్కేలోపే కిటికీలోంచి కేక:
"ఇంకా నేనే ముందు చచ్చిపోతున్నాను!"
ఆ ఆట నడిపే యంత్రం ఎక్కడుందమ్మా?
మాడ్రిడ్‌లో.
గొట్టం వెడల్పయింది గాని తల్లీ,
సముద్రం కురచ కాలేదు.

మా ఇంటికీ వచ్చింది ఉత్తరం.
ఉద్యోగి రాయితీ పోను మూడు యూరోల ఇరవై సెంట్లు.
మా ఆవిడ దాన్ని ఫ్రిజ్ తలుపుకి అంటించింది.
ఏమీ అనలేదు. అంటే బాగుండేది.

చివరి ఇల్లు దెయొలిండది.
"పాతది పీకకు," అంది,
"ఆ నత్తకి అలవాటు పడ్డాను."
పాతది ఉంచుకునే గడి ఫారంలో లేదు.
బిస్కెట్ల డబ్బాలోంచి చిల్లర తీసి
నాలుగు నాణేలు వేరే పెట్టింది,
పన్ను పీకించుకునేవాళ్ళు బుగ్గ పట్టుకున్నట్టు
వాటి మీద అరచెయ్యి ఉంచింది.

ఆమె కిటికీలో సముద్రపు పాయ,
పాయ అవతల ఫయాల్ దీవి దీపాలు.
అక్కడి వెనాన్సియుతో ప్రతి రాత్రీ తెర మీద పేకాట.
నువ్వు దొంగాట ఆడావంటే నువ్వాడావని
నలభై ఏళ్ళ తగువు.
ఇల్లు ఎదురుగా కనిపిస్తూనే ఉంటుంది,
మాట మాత్రం సముద్రం అడుగున లిస్బన్ దాకా పోయి
అక్కడ మలుపు తిరిగి రావాలి.

కొత్త పెట్టె ఆకుపచ్చగా వెలిగింది.
"పరీక్ష పెడదాం ఉండు," అంది.
నేను మీటరు తీయబోయాను. వద్దంది.
"వెనాన్సియూ, నీ వరండా దీపం ఆర్పు."

పాయ అవతల ఒక చుక్క ఆరిపోయింది.
తెర మీద అతని చెయ్యి
ఇంకా స్విచ్ వైపు పోతూనే ఉంది.

ఆమె నా వైపు చూసింది.
నేను సంతకానికి పెన్ను ఇచ్చాను.
అది రాయలేదు. ఇంకోటి ఇచ్చాను.
నాణేల మీంచి చెయ్యి తీసింది.

"ఇక వెలిగించు," అంది,
తెరతో కాదు,
కిటికీతో.