సంచి లేని నడక

ముప్ఫై ఒక్క ఏళ్ళు ఈ ఎగుడు వీధుల్లో తిరిగాను.
నడిచానని మాత్రం అనలేను.
మోశాను.
కరెంటు బిల్లులు, పింఛను కాగితాలు,
తెరవకముందే చేతులు వణికించే సైన్యం వాళ్ళ కవర్లు.
మార్చిలో తపాలా సంచి వెనక్కిచ్చేశాను.
భుజాన్ని ఇవ్వడం కుదరలేదు,
అదింకా ఎడమకి ఓ వేలెడు వాలే ఉంటుంది
గోడకి వంకరగా తగిలించిన పటంలా.

ఇవాళ అక్టోబరు మధ్య. పనీ పాటా లేదు.
కోటుకి జేబులున్నాయని ఇప్పుడే తెలిసినట్టు
రెండు చేతులూ దూర్చుకుని బయల్దేరాను.
తిబ్లిసీ కొండ మీంచి పొగ దిగుతోంది.
ఎవరో ఆకులు తగలబెడుతున్నారు
లేదా ఎవరో వంకాయలు కాలుస్తున్నారు.
ఈ నెలలో రెంటికీ ఒకటే వాసన.

మలుపులో మూరా లేచి ఒళ్ళు విరుచుకుంది.
చెవికి మునిసిపాలిటీ వాళ్ళ పసుపు బిళ్ళ.
ఎవరిదీ కాదు కాబట్టి వీధందరి కుక్క.
తొమ్మిదేళ్ళు నా వెనకే తిరిగింది.
"ఉద్యోగం అయిపోయిందే" అన్నాను.
వినిపించుకోకుండా ముందు నడిచింది.

ఆరో నంబరు దగ్గర ఆగింది.
కూర్చుని నా చేతులకేసి చూసింది.
ఇవ్వడానికేం లేక
నేను తలుపుకేసి చూశాను.
ఆకుపచ్చ కింద నీలం, నీలం కింద ఇంకేదో,
నడుమ చెక్కిన ద్రాక్షగుత్తి, ఒక పండు రాలిపోయి.
ఇన్నేళ్ళూ ఇక్కడే ఉందట,
ఎవరూ చెప్పరే!

తొమ్మిదో నంబరులో నాణెం వేస్తే గానీ కదలని లిఫ్టు.
ఐదంతస్తులూ నడిచే ఎక్కేదాన్ని,
తపాలా శాఖ నాణేలివ్వదు.
ఇవాళ వేశాను.
మూలుగుతూ మోసుకెళ్ళింది నన్ను, పెద్ద ఉత్తరంలా.
పైన వరండా కిటికీలోంచి
తుప్పు రేకుల కప్పులు, ఆరేసిన దుప్పట్లు,
దూరంగా నది, కాఫీ రంగులో.
దిగడానికి ఇంకో నాణెం లేదు.
నవ్వుకుంటూ మెట్లు దిగాను.

పదిహేనో నంబరు పెరట్లో లమ్జీరా
అక్రోట్లు దారానికి గుచ్చుతోంది,
పొయ్యి మీద ద్రాక్షరసం చిక్కబడుతోంది.
వేళ్ళు తొక్కల కసరుతో నల్లబడ్డాయి.
"కూర్చో" అంది.
ముప్ఫై ఏళ్ళుగా అంటూనే ఉంది,
"మళ్ళీ వస్తా" అని నేనూ అంటూనే ఉన్నాను.
కూర్చున్నాను. బల్ల చల్లగా ఉంది.
చక్కెర ధర గురించి మాట్లాడుకున్నాం.
తర్వాత మోకాళ్ళ గురించి,
పడని వియ్యాలవారి గురించి మాట్లాడుకున్నట్టు.
ఒక దండ రసంలో ముంచి నాకిచ్చింది.
ఆరలేదింకా, పట్టుకో, అంది.
దారంతా చుక్కలు కార్చుకుంటూ పోయాను.

ఇరవై రెండు.
ఇక్కడ మూరా కూర్చోలేదు, పడుకుంది.
అంజోర్ పెర్సిమన్ చెట్టుకి ఒక్క ఆకు లేదు,
ఒళ్ళంతా నారింజ రంగు కాయలు,
దీపాలార్పకుండా వెళ్ళిపోయిన ఇల్లులా.
అంజోర్ నిరుడు డిసెంబరులో పోయాడు.
ఆయన పేరున నీళ్ళ బిల్లు
ఫిబ్రవరిలోనూ తెచ్చాను.
ఏటా రెండు కాయలు నా సంచిలో వేసి
"తొందరపడకు, మొదటి మంచు తగలనీ" అనేవాడు.
నేనేమో అదే పూట కొరికేదాన్ని.
నాలుక మొద్దుబారి
మిగిలిన ఇళ్ళకి మాట రాకుండా ఉత్తరాలిచ్చేదాన్ని.
గోడ మీదికి వాలిన కొమ్మ నాకందుతుంది.
ముట్టుకున్నాను. గట్టిగా ఉంది.
వదిలేశాను.

వీధి దీపాలు వెలిగాయి, ఒకటి తప్ప.
అది నేను పనిలో చేరిన ఏడు నుంచీ వెలగదు.
ముప్ఫై నాలుగు మా ఇల్లు.
మెట్ల మీద తడిసిన ఆకులు,
తాళంచెవి చేతికి తగిలింది.
మూరా ఆగలేదు.
నేను ఉత్తరం తేని గుమ్మం ఇదొక్కటే,
దానికి తెలియదు ఇక్కడెవరైనా ఉంటారని.
ముప్ఫై ఆరు వైపు పోతూ
ఓసారి వెనక్కి తిరిగి చూసింది,
ఆలస్యమవుతోందన్నట్టు.

తాళంచెవి జేబులోనే ఉంచాను.
జిగురు వేళ్ళు నాక్కుంటూ
దాని వెనకే పోయాను.