తోసే ఉద్యోగం

నా ఉద్యోగం తోయడం.
చీపురు కర్ర కొసకు టెన్నిస్ బంతి గుచ్చి
భుజం మీద, నడుం మీద, మోకాలి వెనక,
చెప్పాపెట్టకుండా
రోజుకు రెండొందల సార్లు.
కాగితాల్లో నా హోదాకు పెద్ద పేరే ఉంది.
మా వెన్లా మాత్రం బళ్ళో
"మా నాన్న మరమనిషిని నెడతాడు" అని రాసొచ్చింది.

ఔలు ఊరు. జనవరి.
పొద్దు పదిన్నరకొచ్చి రెండున్నరకే వెళ్ళిపోతుంది
పనిదొంగలా.
లోపల ట్యూబులైట్ల కింద
పైకప్పు కొక్కేనికి పసుపు తాడుతో అది:
రెండు కాళ్ళు, ఒక మొండెం,
తల ఉండాల్సిన చోట కెమెరా.

మొదటి నెలంతా అది నడవలేదు, భయపడింది.
భయమనకూడదంటాడు రైమో కూసెలా,
"పాదం ఆనేటప్పటి లోపం" అనాలట.
సరే, లోపమే.
మోకాళ్ళు వంచి, నడుం దించి,
నెత్తిన నిండుకుండ ఉన్నట్టు
అరికాళ్ళు నేలకు రాసుకుంటూ
అంగుళం.
ఇంకో అంగుళం.
పడకపోవడం ఒక్కటే నేర్చుకున్నది
నడవడం ఎలా నేర్చుకుంటుంది?

కంప్యూటర్లో దాని తోబుట్టువులు నాలుగువేలు.
రాత్రంతా పడుతూనే ఉంటాయి
గుట్టల మీంచి, మెట్ల మీంచి, ఉత్తి చదును నేల మీద కూడా.
ఏ మోకాలూ చిట్లదు,
దెబ్బ మీద ఊదేవాళ్ళెవరూ ఉండరు.
తెల్లారేసరికి ఆ పాట్లన్నీ ఒక ఫైలుగా మడిచి
దీని ఒంట్లో పోస్తాం.
తానెన్నడూ పడని పాట్లను
గుర్తు పెట్టుకుని లేస్తుంది ఇది.

అడుగు.
నేలను అడుగు, ఉన్నావా, మోస్తావా అని.
నేల జవాబు చెప్పేలోపే
రెండో కాలితో అడుగు.
రెండు ప్రశ్నల మధ్య గాల్లో ఉండే ఆ కాస్తసేపూ
నడకంటే అదే అనుకుంటా.
మిగతాదంతా నిలబడటమే.

ఆరింటికి తూలిక్కి వస్తుంది, బకెట్టుతో, తడిగుడ్డతో.
అరవై రెండేళ్ళు. దాన్ని "పోయిక" అంటుంది,
వాళ్ళ మాటలో కుర్రాడని.
ఓ సాయంత్రం గుడ్డ పిండుతూ నన్నే చూసి
"నువ్వు తోస్తుంటే వాడు బిగుసుకుంటున్నాడు.
మంచు మీద బిగుసుకున్నవాడే పడేది.
ఎటు పడబోతే అటే కాలు పంపమను" అంది.
రైమో నవ్వాడు.
అది సమీకరణంలో ఎప్పట్నుంచో ఉందన్నాడు, మూడో పదంగా.
కాసేపాగి నవ్వు మానేసి
ఆ పదం బరువు కొంచెం పెంచాడు.
తూలిక్కి అప్పటికే నడవా తుడుస్తోంది.

గురువారం. నూట పదిహేడో తోపు, ఎడమ భుజం మీద.
అది వాలింది.
వాలుతూ కాలొకటి అడ్డంగా విసిరింది,
వంకరగా, తాగినవాడిలా,
తర్వాత ఇంకోటి, దాని వెనకే ఇంకోటి.
తాడు వదులుగానే ఉంది.
తప్పటడుగు: అందులో తప్పూ ఉంది, అడుగూ ఉంది,
రెంటినీ కలిపి ముద్దు చేసే మాట.
ఎవరూ చప్పట్లు కొట్టలేదు. రైమో తెరనే చూస్తున్నాడు.
నా చేతిలో కర్ర కింద పడి ఉంది,
రెండు చేతులూ ముందుకు చాచి ఉన్నాయి,
పట్టుకోవడానికి.
ఎప్పుడు చాచానో తెలీదు.

బయట మైనస్ పద్దెనిమిది.
దారి పొడవునా చల్లిన కంకర బూట్ల కింద కరకరమంటోంది.
బస్టాపు ముందు ఒక్కచోట కంకర పడలేదు.
కాలు జారితే తీసుకోవచ్చంటారు గానీ
తీసుకున్నది నేను కాదు.
నాకు తెలిసేలోపే కాలు
ఎటో వెళ్ళి, నన్ను మోసి, తిరిగొచ్చింది.
వెనక్కి చూశాను,
కర్ర పట్టుకుని ఎవరైనా ఉన్నారేమోనని.
మంచు. వీధి దీపం. అంతే.

బస్సులో పిడి పట్టుకోలేదు.
మలుపు మలుపుకీ ఎవరో నెమ్మదిగా తోస్తున్నారు.
రేపు బంతి మార్చాలి.
నూగంతా అరిగిపోయింది.