మసిగుడ్డ

నల్లగొండ, రామగిరి గల్లీల
పాత బట్టలకు స్టీలు గిన్నెలిచ్చే మణెమ్మ
నా మూట ఇప్పింది.
రెండొందల తొంభై తొమ్మిదివి, పదకొండు టాపులు.
ఒకటి వేళ్ల నడుమ నలిపి చూసి
"మసిగుడ్డకు గూడ రావు బిడ్డా,
పొయ్యి కాడ కరిగి చేతికంటుతయి" అన్నది.
చెంచా గూడ ఇయ్యలే.

ఫోన్ల ఆఫర్ ఇంకా రెండు గంటలున్నది.
తెల్లారి గట్టుప్పల్ బస్సెక్కిన.

ఏలె భారతమ్మ
మగ్గం గుంటల కాళ్లాడిస్తనే
"నలభై దినాలైతది,
ముసురు వడితే ఇంకో వారం" అన్నది.
రేపే కావాలని అడగబోయి
నాలుక కరుచుకున్న.

రెండు నెలలాయె.
ఆ పదకొండూ మంచం కిందనే ఉన్నయి,
ఎటు పోతయి?
చీర ఇంకా రాలే.

వచ్చినంక కడత, ఉతుకుత, మళ్ల కడత.
చినిగిన దినం
ఉడుకు గిన్నె దించనీకి
అదే చేతికందాలె.