మెరుపు వద్దట

"మెరువొద్దు మట్టయ్యా, అస్సలు మెరువొద్దు"
చెప్పుల్తోనే ర్యాంపెక్కి చెప్పిండు కారాయన.
పాలిష్ వద్దు, మైనం వద్దు,
బ్రష్షు సూపెట్టినా గీత వడుతదట.

చండూరు రోడ్డు మీద పదేండ్ల సంది
మొకం కనవడేదాక తుడుసుడే నా పని.
గిదేమో నల్ల పలక లెక్కున్నది,
ఎంత తుడిసినా నా మొకం నాకియ్యదు.

బోరు పైపు ఇప్పవోతే చెయ్యి వట్టుకున్నడు:
"ఎండితే తెల్లమచ్చలు వడ్తయ్, మళ్ల పోవు."
డిక్కీలకెల్లి ఫిల్టర్ క్యాన్లు దించిండు. మూడు.

నవ్వొచ్చింది.
పెదువులు తెరవకుంట నవ్విన.
గా బోరు నీళ్లే
తాగి పెరిగినం మా బడి పోరగాండ్లందరం.

మెత్తటి బట్టతోని అద్ది అద్ది తీస్తున్న, రుద్దకుంట.
మూడో క్యాన్ల అడుగుకు గ్లాసెడు మిగిలినయ్.
కారాయన ఫోన్ల ఉన్నడు.