మొగ దాటి

ఇరవై రెండేళ్ళుగా బస్సులోనే వస్తా ఉండా ఇసకపల్లికి.
దిగంగానే ఐసు కొట్టు,
దాని పక్కన ఎప్పుడూ మూసుండే రేషను షాపు,
చిరిగిన వలల మీద ముడుచుకున్న కుక్కలు.
వట్టి చేపల వాసన పట్టుకుని నడిస్తే
నాగూరమ్మ గుడిసె.
ఊరంటే అదేననుకున్నా.

కార్తీకం వానకి రోడ్డు తెగింది.
కృష్ణపట్నంలో మా మేనబావ ఏకాంబరం
ఇంజను బాగుచేయించుకుని బోటు తీస్తా ఉంటే
నన్నూ ఎక్కించుకోమన్నా.
ముగ్గురు మగోళ్ళు మొహామొహాలు చూసుకున్నారు.
ఆడమనిషి ఎక్కితే వల తేలిపోద్దంట.
"వల యాడేస్తా ఉండారు? ఊరికే పోతా ఉండారు గదా!"
ఏకాంబరం నవ్వి
ఖాళీ డీజిలు డబ్బా బోర్లించి చూపించాడు, కూర్చోమని.

ఎడమచేతి పక్క నేల మాతోనే వస్తా ఉంది,
సన్నంగా, చీర అంచు మాదిరి.
సరుగుడు తోపులు.
మైపాడు కాడ కార్తీక స్నానాలోళ్ళు, చీమలంత.
పెన్న కలిసే చోట నీళ్ళు టీ రంగుకి తిరిగాయి,
బోటు అడ్డంగా ఊగింది,
నేను వాంతి చేసుకున్నా.
ఎవరూ ఏమీ అనలా.
అందర్లోకి చిన్నోడు చెంబుతో నీళ్ళు తెచ్చిచ్చి
అటు తిరిగి నిలబడ్డాడు.

మొగ కాడికి చేరేసరికి పాటు.
ఇసక మేట ఎండకి వీపు ఆరబెట్టుకుంటా ఉంది.
పోటు ఎక్కిందాకా దారి లేదు.
లంగరేసి కూర్చున్నాం,
తలుపు తట్టకుండా
అరుగు మీద కూలబడ్డ చుట్టాల మాదిరి.

అప్పుడు చూశా ఆ ఊరిని.
నీలం బోట్లు, పచ్చ బోట్లు, మూతులన్నీ ఇటే.
వాకిళ్ళు ఇటే. ముగ్గులు ఇటే.
గంగమ్మ గుడి తలుపు ఇటే.
ఒక ముసలాయన చుట్ట కాల్చుకుంటా
ఇటే చూస్తా ఉండాడు, మమ్మల్ని కాదు,
మా వెనకాల ఉన్నదాన్నంతా.
ఇరవై రెండేళ్ళు నేను చూసింది వీపు.
జడా, రవిక ముడీ, చెమట మరకా.
ఇదీ మొహం.

నీళ్ళు ఎక్కాయి.
ఏకాంబరం ఇంజను తగ్గించి
నీటి రంగు చూసుకుంటా, కుడికి, ఇంకొంచెం కుడికి,
సూదిలోకి దారం పెట్టినట్టు లోపలికి పెట్టాడు.
ఒడ్డు మీంచి ఎవరో కేకేశారు,
"ఏ బోటూ?"
"గంగాభవానీ!"
అంతే, మోకు అందుకోను నాలుగు చేతులు లేచాయి.
అందులో ఒకటి నాగూరమ్మది.
నన్ను చూసి మోకు వదిలేసినంత పని చేసింది.
"నువ్వా! నీళ్ళ మీదనా!"

కాలు కిందపెడితే నేల ఊగతా ఉంది.
చెయ్యి పట్టుకుని నడిపించింది.
ముందు మంచినీళ్ళు, తర్వాత ఉప్పేసిన మజ్జిగ,
కానాగంతల పులుసులో నడిమి ముక్క నాకే.
వట్టి నెత్తళ్ళు తూచి ధర చెప్పింది.
నేను అలవాటు కొద్దీ నోరు తెరిచా.
నా నోట్లో మాట నోట్లో ఉండంగానే
తనే పది తగ్గించి
"సముద్రం మీద వచ్చినోళ్ళతో బేరమేందే" అంది.
ఏం చెయ్యాల్నో తెలీలా.
పోట్లాట లేకపోయేసరికి ఇద్దరికీ మాటలు దొరకలా.
కూర్చుని, కట్టేసిన బోటు ఊగడం చూస్తా ఉండిపోయాం.

రోడ్డేశాక మళ్ళీ బస్సు.
ఐసు కొట్టు. కుక్కలు.
నాగూరమ్మ తక్కెడ తీసి
అప్పుడు తగ్గించిన పది కలిపి,
దాని మీద ఇంకో పది కలిపి చెప్పింది.
గొంతులు పోయిందాకా అరుచుకున్నాం. హాయిగా ఉండింది.

మూట కట్టి బస్సు కోసం పోబోతా
గుడిసె వెనక్కి,
కాదు, గుడిసె ముందుకి,
నాలుగడుగులేశా.
పాటు. ఇసక మేట.
మొగ అవతల ఏదో బోటు లంగరేసుకోని ఉంది,
దాంట్లో ఎవరో, డబ్బా మీద, ఇటే చూస్తా.

మూట కిందపెట్టి
రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని
నేనే అరిచా:
"ఏ బోటూ?"