తరుగు

కాజీపేటల రైలు దిగంగనే
అనసూర్య కొంగు ముడి విప్పి దులిపింది.
పిడికెడు ఇసుక గూడ రాలలేదు.
"ఇరవై ఆరు వేలకు ఇంతేనా?" అన్నది.
నవ్వొచ్చింది గని నవ్వలేదు.
అది చిట్టి ఎత్తిన పైస.

నేను ఎనుమాముల మార్కెట్ల కాంటా మనిషిని.
ఇరవై రెండేండ్ల సంది మిర్చి బస్తాలు జోకుతున్న.
ఏది చూసినా ముందు బరువే కనపడ్తది నాకు,
ఆ తర్వాతనే రంగు.

రూముకెల్లి సముద్రం కనపడ్తదని
ఫోన్ల చెప్పిండు హోటలాయన.
అబద్ధం ఆడలేదు.
రెండు నీళ్ల ట్యాంకుల నడుమ
బెత్తెడు సముద్రం,
అది గూడ బాత్రూం స్టూలు ఎక్కి మెడ వంచితే.

కొబ్బరిబోండం తొంభై.
కుర్చీ గంటకు నూరు, గొడుగు పైసలు అలగ్.
నిలబడితే ఫ్రీ.
నిలబడి చూసినం.
చేపల పులుసు ఎంత అంటే
"సీజన్ రేటు సార్" అన్నడు పిలగాడు.
సీజన్ రేటంటే నాకు తెల్వదా?
ఏటా మార్చి నెలల
రైతు మొకం మీద సదువుతనే ఉంట.

ఒక్క ఫొటో చాలన్నం, నలభై తీసిండు.
నలభైకీ పైసలు గుంజిండు.
అన్నిట్ల సముద్రం మా ఎనుకనే ఉన్నది,
ఒక్కదాంట్ల గూడ మేము దాని దిక్కు చూస్తలేం.

ఒడ్డు మీద లైట్లు తిరిగే తూకం మిషిన్ ఒకటి.
మనీష ఎక్కింది, అయిదు రూపాయల బిళ్ల వేసింది.
ముప్పై ఒకటి అని చీటీ వచ్చింది.
నా బిడ్డ ఇరవై ఎనిమిదిన్నర.
ఎత్తుకుంటే తెల్వదా నాకు?
ఆ ఊర్ల అగ్గువకు దొరికింది
ఆ అబద్ధం ఒక్కటే.

ఆఖరి దినం తెల్లారగట్ల నాలుగింటికి
అనసూర్య పక్కల లేదు.
పోయి చూస్తే నీళ్లల్ల ఉన్నది, మోకాళ్ల దాక,
చీర కుచ్చిళ్లు రెండు చేతుల పట్టుకొని.
కుర్చీలు ఇంక ఎవ్వలు ఎయ్యలేదు.
గుర్రాలు పండుకొని ఉన్నయ్.
నేను పిలువలేదు.
ఎంత సేపో లెక్క పెట్టలేదు,
నా జన్మల లెక్క పెట్టనిది అదొక్కటే కావచ్చు.
ఇగ రసీదు బుక్కు చంకల పెట్టుకొని
ఒకాయన ఇసుకల నడుసుకుంట వచ్చిండు.
మేము రూముకు పోయినం.

మర్నాడు మార్కెట్ యార్డు.
ఎక్కడ చూసినా ఎర్రగ, గోడల దాక.
నాలుగు దినాల తర్వాత మొదటి తుమ్ము వచ్చింది,
పానం ఇంటికొచ్చినట్టు అయింది.
హమాలీ ఓదెలు బస్తా దించుకుంట అడిగిండు,
"ఎట్లున్నదే సముద్రం?"
"మంచిగనే ఉన్నది గని
తేమ ఎక్కువ," అన్న.
యార్డంత నవ్విండ్రు.
ఓదెలైతే బస్తా మీద కూలబడి నవ్విండు.

పొద్దు మీదికొచ్చినంక
నల్లబెల్లి దిక్కు రైతు ఒకాయన, తేజ రకం, పద్దెనిమిది బస్తాలు.
సేటు కాయ విరిచి చూసిండు, చెవికాడ ఆడిచ్చిండు.
"తేమ ఎక్కువున్నది.
బస్తాకు రెండు కిలోలు తరుగు రాయి," అన్నడు నాతోని.
ఈసారి ఎవ్వలు నవ్వలేదు.

రైతు నా దిక్కు చూసిండు, సేటు దిక్కు గాదు.
హోటల్ల బిల్లు చేతికిచ్చినప్పుడు
నేను గూడ అట్లనే చూసిన,
ఓనరు దిక్కు గాదు,
కౌంటర్ల కూసున్న ఆ పోరని దిక్కు.
వాడు కంప్యూటర్ల ఏందో చూసుకుంట ఉండె.

ఎప్పుడైతే బస్తా కాంటా మీద పడంగనే
అంకె పలికి, రాసి, దించేస్తం.
ముందట ఇంకో వెయ్యి బస్తాలుంటయ్.
తరుగు తీసుడు నా చేతుల లేదు.
తీసెయ్యకుంట ఉండే చెయ్యి గూడ కాదిది.
కాని ఆ దినం ఓదెలును ఆగమన్న.

నలభై రెండు. నలభై ఒకటిన్నర.
నలభై రెండుంబావు.
సేటు గడియారం చూసుకున్నడు.
ఇంక కదులుతున్నయ్ అంకెలు,
వస్తున్నయ్, పోతున్నయ్.
అవి నిలబడేదాక
నేను నిలబడ్డ.