ఇంజన్ ఆపకుండా

మైనస్ ముప్పై రెండు.
ఇంజన్ ఆపితే డీజిల్ గడ్డకడుతుంది,
అందుకే ఆపలేదతను.
ఆ రాత్రి మా మాటలన్నిటికీ
కిటికీ కింద బొగ్గు లారీ
దడదడమని తాళం వేస్తూనే ఉంది.

ఆసుపత్రి అంటే పెద్ద మాట.
రెండు గదులు, పొయ్యి, ఒక ఫ్రిజ్.
ఇక్కడ ఫ్రిజ్ మందుల్ని చల్లబరచడానికి కాదు,
గడ్డకట్టకుండా కాపాడటానికి.
డాక్టరని పిలుస్తారు గాని డాక్టర్ని కాను.
గోబీ ఎడారిలో ఈ మూలకు డాక్టరెవరూ రాకపోతే
నేనొచ్చాను, పంతొమ్మిదేళ్ళ కిందట,
ఏడాదిలో వెళ్ళిపోదామని.

త్సెంద్‌మా మంగళవారం వచ్చింది.
పట్టీ మీద రెండు గీతలు తేలగానే
నవ్వి, నా చెయ్యి తీసి పొట్టమీద పెట్టుకుంది.
ఇంకో పట్టీ మీద
వేలి చివర పొడిచిన నెత్తురు బొట్టు.
దాని మీదా రెండు గీతలే.
ముందు కళ్ళు దించుకున్నది నేనే.

కిందటేడు ఆమె బిడ్డ
ఏడవకుండానే పుట్టింది.
చలి అన్నారు, గాలి సోకిందన్నారు,
గుర్రం దిగిన తీరు బాగాలేదంది అత్తగారు.
అప్పటికి నా దగ్గర పట్టీలు అయిపోయి నాలుగు నెలలు.
ఎవరూ అడగలేదు.
నా పద్దులో నేనే రాసుకున్నాను.

"నీకు సూది. ఆయనకూ సూదే."
"ఆయనకేం, దుక్కలా ఉన్నాడు. పుండు లేదు, జ్వరం లేదు."
ఉండదమ్మా.
సవాయి మంచులో తోడేలు నడక,
దాని అడుగుల్ని మళ్ళీ మంచే పూడ్చేస్తుంది.
మందదగ్గర మాత్రం లెక్క తగ్గుతుంది.

శుక్రవారం అర్ధరాత్రి లువ్సన్‌దోర్జ్.
టోపీ తియ్యలేదు. ఉప్పు టీ ముట్టలేదు.
"ఎవరి నుంచి ఎవరికి? అది చెప్పు ముందు."
తీర్పు చెప్పే పని కాదు నాది.
మంత్రసానితనానికి ఒప్పుకున్నాక
ఏది జారినా దోసిలి పట్టాల్సిందే.
సరిహద్దు గేటు ముందు పదకొండు రోజుల లారీల బారు,
దారి పక్క వెచ్చటి గదులు,
నేనడగలేదు.
నేనడగలేదని అతనికి తెలిసింది.

"మీ నాన్న మందలో ఒక గొర్రెకు గజ్జి పడితే
దాన్నొక్కదాన్నే ముంచేవాడా మందునీళ్ళలో?"

చాలాసేపు ఇంజనే మాట్లాడింది.

"మందంతా."
"పొట్టేలుతో సహా?"

బెల్టు విప్పాడు.

చిక్కటి మందు, గడ్డపెరుగులా.
సీసాను అరచేతుల్లో దొర్లించి వెచ్చబరిచాను.
నలభై టన్నుల బొగ్గు లాగేవాడు
సూది దిగగానే వాళ్ళమ్మను పిలిచాడు.
"వారానికొకటి, ఇంకా రెండు. ఆమెకూ అంతే.
అంతవరకూ ఎడంగా ఉండండి.
ఆపైన, బారులో నిలబడ్డ రోజుల్లో…"
టీ గిన్నె పక్కకు కండోముల పెట్టె జరిపాను.
నవ్వుతాడనుకున్నా, తిడతాడనుకున్నా.
వాళ్ళ తాత పొగగొట్టం దోపుకునే చోట,
బూటు గొట్టంలో దోపుకున్నాడు.

తలుపు దగ్గర ఆగాడు.
"మరి లోపలున్నది?"
"మూడో నెలే కదా. వేళ మించలేదు.
పుట్టగానే దానికీ పరీక్ష చేస్తాను."
అభయం ఇచ్చే అలవాటు లేదు నాకు.
ఇప్పుడు పట్టీలు మాత్రం ఉన్నాయి.

తర్వాతి శుక్రవారం రెండు లారీలొచ్చాయి.
రెండోదాని డ్రైవరు దిగలేదు,
లువ్సన్‌దోర్జే వెళ్ళి తలుపు లాగాడు.
ఆ పై వారం నాలుగు.
ఏ ఒక్కడూ ఇంజన్ ఆపడు.
అద్దాలు వణుకుతాయి, మందుసీసాలు గలగలమంటాయి,
కునుకు పట్టదు నాకు.

పట్టకపోతే మానె.
పొయ్యిలో ఇంకో పిడక వేసి
సూదులు లెక్కపెట్టుకుంటాను.